ఏమోయ్, వచ్చాను

కోబెలో మా సినిమా హాలు చిన్నది. బొమ్మలకు మాటలు రాని రోజులవి. తెర పక్కన చీకట్లో కూర్చుని వాటికి మాటలు చెప్పేది నేనూ, మా ఆయన కిసబురో. ఒక నవ్వుల బొమ్మలో పెళ్లాం మొగుడి బూట్లలో కాగితాలు కుక్కి, తొడుక్కుని ఆఫీసుకు పోతుంది. మొగుడు వంట చేస్తాడు. ఆవిడ ఇల్లు చేరగానే మోకాళ్ల మీద కూర్చుని, విడిచిన బూట్లను వాకిలి వైపు తిప్పి పెడతాడు. ఇంటింటా ఆడవాళ్లు చేసే ఆ పని మగాడు చేస్తుంటే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. మేమూ గొంతులు మార్చుకునేవాళ్లం. పెళ్లానికి ఆయన కీచుగొంతు: "ఏమోయ్, వచ్చాను. నీళ్లు కాగాయా?" మొగుడికి నా బొంగురు గొంతు: "కాగాయండీ, రండి."

ఆయన దగ్గి దగ్గి పోయాడు. ఆ ఇంట్లో దీపం పెట్టాలన్నా నాకు బుద్ధి పుట్టేది కాదు. రెండు గొంతులూ నేనే చెప్తానని యజమానిని బతిమాలి ఆ బొమ్మ మళ్లీ వేయించాను. ఆయన గొంతు నా నోటనైనా వినపడుతుందని ఆశ.

మధ్యాహ్నం ఆట. తడిసిన గొడుగుల వాసన, నారింజ తొక్కల వాసన. తెర మీద పెళ్లాం ఇంటి తలుపు తీసింది. నా వంతు వచ్చింది. ఒక్క మాట రాలేదు.

హాలంతా గొల్లున నవ్వింది.

ఆట అయ్యాక, తెర ముందు వాద్యం వాయించే గెంపాచి తాత నా దగ్గరికొచ్చాడు.

"అచ్చం మీ ఆయనే అనుకున్నానే షిగే! ఎప్పుడు నేర్చావే ఆ గొంతు?"

"నేను నోరే తెరవలేదు తాతా."

"చాల్లే, ముసలాణ్ణి ఆట పట్టించకు."

వానలో ఇల్లు చేరాను. పొయ్యి వెలిగించలేదు. మసక చీకట్లో ఊరికే కూర్చున్నాను. తలుపు జరిగిన చప్పుడు... తడి తోలు వాసన...

"ఏమోయ్... వచ్చాను." గుసగుసగా, కీచుగా. "నీళ్లు కాగాయా?"

మా పనిలో ఒకరి మాటకు రెండోవారు బదులివ్వకుండా వదలకూడదు. అదొక్కటే కాదు... ఆ ఇంట్లో నన్నెవరైనా పిలిచి ఎన్నాళ్లయిందో.

"కాగాయండీ..." అన్నాను బొంగురుగా. "రండి."

అడుగులు నన్ను దాటి స్నానాల గదిలోకి వెళ్లాయి. నీళ్లు కదిలాయి. ఏడుస్తూ, నవ్వుతూ, ఆయన చెప్పులు తిప్పి పెడదామని దీపం పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాను.

మా ఆయన బతికినన్నాళ్లూ చెక్కచెప్పులే తొడిగాడు.

గడప దగ్గర తోలు బూట్లున్నాయి. పెద్దవి. తడిసినవి. లోపల కుక్కిన కాగితాలు... మొనలు ఇంకా ఇంట్లోకే ఉన్నాయి.

వెనక నీళ్ల చప్పుడు ఆగింది.