క్షణానికోసారి లెక్క

నడిలంకలో ఆ వారం టీ తాగాలంటే ముందు గ్లాసు చదవాల్సి వచ్చేది. రేవు పక్కన రాజులమ్మ బడ్డీలో వేడి టీ పోయగానే కాగితపు గ్లాసు మీద నీలం అక్షరాలు తేలేవి. "ఈ టీ అభ్యర్థి ధనుంజయ ప్రచార నిధిలోది. నిధికి డబ్బిచ్చింది కెరటం కట్టడాల సంస్థ. ఈ క్షణానికి ధనుంజయ మొత్తం ఖర్చు ఇంత." ఆ ‘ఇంత’ ఒక చోట నిలిచేది కాదు. ఒక గుక్క మింగేలోపు పెరిగిపోయేది. జనం టీ సంగతి మర్చిపోయి అంకెల్ని చూస్తూ నిలబడేవారు.

"గ్లాసు మీద గ్లాసు తీసుకుంటారేంటండీ? అన్నింటి మీదా ఒకటే అంకె!" అని రాజులమ్మ విసుక్కునేది. ఆ విసుగంతా పైపైనే. ఆమె బేరం ఎన్నడూ అంత బాగా లేదు.

అది 2079వ సంవత్సరం. సముద్రం లోపలికి చొచ్చుకొచ్చాక గోదావరి మొగలో మిగిలిన కొన్ని లంకల్ని స్తంభాల మీద లేపి కట్టిన ఊరు నడిలంక. ఊరి చుట్టూ ఒక సముద్రపు గోడ ఉంది. ఏటా ఆ గోడని ఎవరు ఎత్తు పెంచి కట్టాలి, ఎంతకి కట్టాలి అన్నది అక్కడి శాసనసభ్యుడి చేతిలో ఉంటుంది. అందుకే ఉప ఎన్నిక వచ్చేసరికి గోడలు కట్టే సంస్థలకి నడిలంక మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది.

గ్లాసు మీద అక్షరాలు తేల్చిన పదార్థం పేరు జాడసిరా. డాక్టర్ సంహిత ఇరవై ఏళ్ళ కష్టం అది. ఆ రోజుల్లో డబ్బంతా అంకెల రూపంలోనే ఉండేది. ఎన్నికల నిధికి డబ్బిచ్చేవాళ్ళ ప్రతి రూపాయికీ సంహిత ఒక జ్ఞాపకం తగిలించింది. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చానో ఆ రూపాయి మర్చిపోదు. దానితో కొన్న జెండా మీదా, అద్దె పడవ మీదా, బిర్యానీ పొట్లం మీదా వెంట్రుక కంటే పల్చటి సిరా పొర ఉంటుంది. ‘పారదర్శిని’ అనే కంప్యూటర్ ఆ జ్ఞాపకాలన్నీ ఏరి సిరాకి సంకేతాలు పంపుతుంది. సిరా వాటిని అక్షరాలుగా చూపిస్తుంది.

ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఒక చిన్న మరతో వచ్చింది. పారదర్శిని ముందుభాగంలో ఉన్న ఆ మర మీద ‘క్షణం’, ‘రోజు’, ‘వారం’, ‘ఎన్నికలయ్యాక’ అని గుర్తులుండేవి. లెక్క ఎంత తరచుగా బయటపెట్టాలో దాన్ని తిప్పి నిర్ణయించాలి.

ప్రచారం మొదలవకముందు ఆ మర దగ్గరే సంహితకీ, ఎన్నికల సంఘం పంపిన పరిశీలకుడు ఐజాక్‌కీ వాదన జరిగింది. ఐజాక్ పెద్దాయన. ఎన్నో ఎన్నికలు చూసి, ఏ ఎన్నికకీ ఆశ్చర్యపోని స్థితికి చేరుకున్నాడు.

"మా కుర్రతనంలో గెలిచినవాడు గెలిచాక లెక్కలిచ్చేవాడమ్మా. తలంబ్రాలు పడ్డాక పెళ్ళికొడుకు గురించి వాకబు చేసినట్టుండేది," అన్నాడాయన.

"అందుకే క్షణానికోసారి అంటున్నానండీ."

"వారానికోసారి చాలదా? మనుషులన్నాక కాస్త ఊపిరి తీసుకోనివ్వాలి."

"వారం ఇస్తే లెక్క చూపించిన మర్నాడే మూట విప్పుతారు. రోజు ఇస్తే సాయంత్రం లెక్క చెప్పి, చీకటి పడ్డాక పంచుతారు. సందు లేకుండా చెయ్యాలి. అంకె మొహమ్మీద కనపడుతుంటే ఎవడు ఖర్చుపెడతాడండీ, సిగ్గుండదూ?"

"మరి మీ ల్యాబ్ లెక్కల సంగతో?"

"అవి ఏడాదికోసారి ప్రచురిస్తాం కదా. అస్తమానం ఎవరో తొంగిచూస్తుంటే పరిశోధన సాగదు."

ఐజాక్ తలూపాడు. "సరే, క్షణమే పెట్టండి. ఈ ఎన్నికలో ఖర్చు తగ్గితే మీ క్షణాన్ని దేశమంతటికీ చట్టం చెయ్యమని రాస్తాను. పెరిగితే మాత్రం పాత పద్ధతే. నన్నేం అనుకోకూడదు."

మొదట్లో అంతా సంహిత అనుకున్నట్టే జరిగింది. జెండాల మీద దాతల పేర్లు చూసి జనం నవ్వుకున్నారు. ధనుంజయ కాస్త జంకాడు. అతని ప్రత్యర్థి పద్మాకర్ ఊరేగింపు మానేసి కాలినడకన తిరిగాడు. గ్లాసుల మీద అంకె ఇంచుమించు కదలడం మానేసింది. సంహితకి ఆనందంతో నిద్రపట్టలేదు.

ఆ ముచ్చట రెండు రోజులే. మూడోనాడు పొద్దున్నే అంకె ఎగిరింది.

నడిలంకలో ఓటు వెయ్యాలంటే పడవెక్కి పెద్ద రేవుకి రావాలి. ఆ పడవకయ్యే ఖర్చు అభ్యర్థి ఇవ్వొచ్చని చట్టం ఒప్పుకుంది. ఎంత ఇవ్వొచ్చో మాత్రం చెప్పలేదు. ఓటుకి డబ్బివ్వడం నేరం కాబట్టి, అందరూ దానికి పడవఖర్చు అని పేరు పెట్టుకుని హాయిగా ఉన్నారు. ధనుంజయ ఆ పొద్దున రెండో లంకకి పడవఖర్చు పంచాడు. పంచుతుండగానే ఆ సంగతి మిగతా లంకల్లో ప్రతి గ్లాసు మీదా తేలింది.

ఎండెక్కేసరికి మూడో లంక ఆడవాళ్ళు పడవలేసుకొచ్చి ధనుంజయ ఆఫీసు మెట్ల మీద బైఠాయించారు. "రెండో లంకోళ్ళకి ఎంతిచ్చారో మాకు కనపడిందండి. మావేమన్నా కాగితం పడవలా? మాకెప్పుడిత్తారో చెప్పండి!" అతను ఇచ్చాడు. అతనిచ్చింది పద్మాకర్ అప్పటికప్పుడు చూసి, దానికి మరికాస్త కలిపి ఇచ్చాడు. అది చూసి ధనుంజయ ఇంకాస్త కలిపాడు. పాత రోజుల్లో ఎదుటివాడు ఎంతిస్తున్నాడో వాకబు చెయ్యడానికి మనుషుల్ని పెట్టుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ పని జాడసిరా ఉచితంగా చేసిపెడుతోంది.

సంహిత పరుగున రాజులమ్మ దగ్గరికి వచ్చింది.

"ఇదేంటి రాజులమ్మగారూ? అది చూసి సిగ్గుపడాల్సిన అంకె కదా?"

"ఎవరు సిగ్గుపడాలండి?" రాజులమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆయ్, ఇదివరకు ఏ లంకకి ఎంతిచ్చారో తెలీక మేం మోసపోయేవాళ్ళమండి. మీ పున్నెమా అని ఇప్పుడు రేటు తెలుత్తుంది."

"మరి హైమవతిగారో? ఆవిడా పోటీలో ఉన్నారు కదా. గోడ పనుల ఇంజనీరు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. ఆవిడ లెక్క సున్నా."

"మంచావిడేనండి, కాదన్ను. కానీ సున్నా అలా పొద్దస్తమానం కనపడతా ఉంటే మనసు ఒప్పదండి. ఇప్పుడు రూపాయి తియ్యనావిడ రేపు మన గోడకేం తీత్తాది?"

సంహితకి ఏడుపొచ్చింది. ఇరవై ఏళ్ళు కష్టపడి తను ఊరి నడిబొడ్డున ఒక ధరల పట్టిక వేలాడదీసిందన్న మాట. ల్యాబ్‌కి వచ్చి, ఐజాక్ అక్కడే కూర్చుని ఉన్నాడని కూడా చూడకుండా, పారదర్శిని ముందు కూలబడింది.

"తప్పు ఎక్కడ జరిగింది?"

"నా లెక్కలో తప్పు లేదు," అంది పారదర్శిని. దాని గొంతులో కోపతాపాలేవీ ఉండవు. "నేను సగం దారే చూపిస్తున్నాను. ఇచ్చినవారి నుంచి అభ్యర్థి వరకు. రూపాయి అక్కడ ఆగదు. ఎవరు పుచ్చుకున్నారో దానికి గుర్తుంది. చూపించమని మీరు అడగలేదు."

సంహిత ఐజాక్ వైపు తిరిగింది. ఆయన గడ్డం గోక్కుంటూ ఆలోచించి, "కానివ్వండి, చూద్దాం. నాకూ ఆత్రంగానే ఉంది," అన్నాడు.

ఆ మధ్యాహ్నం రేవులోని పెద్ద బోర్డు మీద పడవఖర్చు పుచ్చుకున్నవాళ్ళ పేర్లు వరసగా పడటం మొదలైంది. లంకలన్నీ గప్‌చిప్ అయిపోయాయి. కాసేపటికి ఒకావిడ వచ్చి డబ్బు వెనక్కి పంపేసింది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక వీధికి వీధే. అంకె మొదటిసారి తగ్గింది. అభ్యర్థులు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా పుచ్చుకునే చెయ్యి దొరకలేదు.

దాంతోపాటే అర్జీలూ వచ్చాయి. మెట్ల మీద బైఠాయించిన ఆడవాళ్ళే ఇప్పుడు ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డారు. "వాళ్ళ లెక్క ఎప్పుడూ చూపించాల్సిందేనండి, అందులో మాటే లేదు. మా పేర్లు మటుకు ఎన్నికలయ్యాక వెయ్యండి. చుట్టపక్కాలు చూత్తారు. ఎందుకు పుచ్చుకున్నామో చెప్పుకోడానికైనా టైం ఇవ్వాలి కదండి."

సంహితకి ఒళ్ళు మండిపోయింది. "పారదర్శినీ, వాయిదా అడిగినవాళ్ళ పేర్లు కూడా బోర్డు మీద వెయ్యి. ఎవరైనా సరే, అడిగిన క్షణంలో పడాలి!"

"ఎవరైనా సరే, అడిగిన క్షణంలో. నమోదు చేశాను," అంది పారదర్శిని.

గుమ్మం వెంటనే ఖాళీ అయింది. అంకె ఇంకా దిగింది. ఐజాక్ లేచి సంహిత చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "నేను పొరబడ్డానమ్మా. ‘క్షణం’ అనే రాస్తాను." సిఫారసు రాయడానికి కూర్చుని కలం తీశాడు. సంహిత కళ్ళు తుడుచుకుంది. ఈసారి సంతోషంతో.

"పుచ్చుకున్న వ్యక్తుల పేర్లు అయిపోయాయి," అంది పారదర్శిని. "ఇక సంస్థల పేర్లున్నాయి. మొదటిది ఈ ల్యాబ్. చూపించమంటారా?"

"ఈ ల్యాబా?"

"కెరటం కట్టడాల సంస్థ డబ్బు ఒక విద్యానిధికి వెళ్ళింది. ఆ నిధి నుంచి మీకు వచ్చింది. నన్ను చల్లగా ఉంచే యంత్రాలు ఆ డబ్బుతో కొన్నవే."

విద్యానిధి పేరు సంహితకి తెలుసు. ఆ నిధికి డబ్బెక్కడిదో ఆమె ఏనాడూ అడగలేదు. ఆ డబ్బుకి బదులుగా ఎవరికీ ఏ మేలూ చెయ్యలేదు. ఆ మాట నిజమే. కానీ ఇప్పుడు, సరిగ్గా ఈ పూట, ఆ పేరు బోర్డు మీద పడితే జనం ఏమనుకుంటారు?

"అపార్థం చేసుకుంటారు," అందామె. గొంతు చాలా మామూలుగా ఉంది. "ముందు సందర్భం వివరించాలి. ఎందుకు తీసుకున్నామో చెప్పుకోవడానికి టైం కావాలి కదా. ఇది మటుకు ఎన్నికలయ్యాక చూపిద్దాం."

"అలాగే. నమోదు చేశాను," అంది పారదర్శిని.

ఐజాక్ కలం ఆగిపోయింది. అప్పటికి గాని తనేమందో సంహిత చెవిన పడలేదు. కిటికీ అవతల రేవులోంచి ఒక్కసారిగా నవ్వులు లేచాయి. బోర్డు చివర కొత్త పేరు నీలంగా మెరుస్తోంది. "వాయిదా కోరినవారు: డాక్టర్ సంహిత. కోరిన గడువు: ఎన్నికలయ్యాక."

 తర్వాత ఐజాక్ కాగితం మీదికి వంగి నెమ్మదిగా రాసి, ఆమెకి వినపడేలా చదివాడు. "లెక్క క్షణానికోసారి బయటపెట్టాలి. రోజు గడువు కూడా ఇవ్వకూడదు. గడువంటూ ఉంటే, ఈ యంత్రాన్ని కనిపెట్టినావిడ కూడా అడుగుతుంది." కలం మూసి, "మీరు గెలిచారమ్మా," అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. అందుకే ఆమెకి ఎక్కువ బాధ కలిగింది.

సంహిత ల్యాబ్ పేరు చూపించమని పారదర్శినికి చెప్పి, మెట్లు దిగి రేవుకి వచ్చింది. నవ్వుతున్నవాళ్ళు కాస్త జరిగి ఆమెకి చోటిచ్చారు. ఆ జరగడంలో ఎగతాళి కంటే చనువే ఎక్కువగా ఉంది. రాజులమ్మ అడక్కుండానే గ్లాసు నింపి ఇచ్చింది.

గ్లాసు మీద ల్యాబ్ పేరు, విద్యానిధి పేరు, కెరటం పేరు వరసగా తేలాయి. సంహిత వాటిని మళ్ళీ మళ్ళీ చదువుతూ నిలబడింది.

"చదివింది చాల్లెండి డాక్టరుగారూ, అందరం చదివేశాం," అంది రాజులమ్మ. "చల్లారిపోతంది, తాగండి."