మచ్చల్లేని ఫొటో

ఫొటో ఎడిటర్ రెండో వేలు కూడా విరిగింది. కంప్యూటర్ తెరమీద ఫొటో ఎక్స్‌పోర్ట్ మాత్రం పదకొండు శాతం దగ్గరే ఉంది.

"మావయ్యా, నువ్వైనా చెప్పు, నేను కాదని," అన్నాడు ఎడిటర్.

"ఇక్కడ మావయ్యలెవరూ లేరు. డైరెక్టర్ ఉన్నాడు." డైరెక్టర్ మేనల్లుడి మొహం చూడకుండానే, మూడో వేలు కూడా విరవమని కాపలావాడికి సైగ చేశాడు.

అప్పుడే తలుపు తోసుకొచ్చాడు సీక్రెట్ ఏజెంట్ సూది.

"మిగతా వేళ్లు ఉంచండి సార్. కీబోర్డుకి కావాలి."

ఆ పొద్దున ఒక దర్జీని కుట్టుమిషన్ ముందే కాల్చి చంపారు. అతనికి గూఢచర్యంతో సంబంధం లేదు. సంబంధం ఉన్నది అతని అన్నకి. పరాయి దేశపు ముఠాలో ఉంటూ డిపార్టుమెంటుకి సమాచారం చేరవేసే ఆ అన్న, ఇప్పుడు రైల్వేస్టేషన్‌లో దాక్కున్నాడు. ఏ మూలో సూదికి తప్ప ఎవరికీ తెలీదు. మీసం తీసేసి, జుట్టుకి రంగేసుకుని దిగిన కొత్త ఫొటో ఇక్కణ్నుంచి వెళ్తే అక్కడ సూది మనిషి పాస్‌పోర్టు అచ్చేస్తాడు. సరిహద్దు రైలెక్కితే అన్న బతుకుతాడు. ఆ రైలు కదలడానికి పావుగంట ఉంది.

చిక్కల్లా ఒకటే. ఈ గదిలోంచి వెళ్లే ప్రతి ఫొటో ముఠాకీ చేరుతోంది. హంతకుడు ప్లాట్‌ఫారం మీద కూర్చుని కొత్త మొహం కోసమే ఎదురుచూస్తున్నాడు.

"లీకు వీడే. దొరికాడుగా, ఇక ఫొటో పంపించెయ్," అని తొందరపెట్టాడు డైరెక్టర్.

కిటికీ దగ్గర మేడమ్ ముత్యం గోళ్లు చూసుకుంటోంది. రెండు పక్షాల దగ్గరా జీతం తీసుకునే మనిషి. ఆ సంగతి రెండు పక్షాలకీ తెలుసు. డైరెక్టర్ మెడలో వేలాడుతున్న ఐడీ కార్డు చూసి, "ఇందులో ఉన్నాయన మీ తమ్ముడా?" అనడిగింది. కార్డులో ఆయనకి ఒక్క ముడతా లేదు.

ఆమె, హంతకుడి గదిలోంచి కొట్టుకొచ్చిన అన్న ఫొటోని బల్లమీద పడేసింది. సూది దాన్ని చాలాసేపు చూశాడు. అన్న మొహం నిండా మొటిమల గుంటలు. ఈ ఫొటోలో ఒక్కటీ లేదు. బుగ్గలు అద్దంలా మెరుస్తున్నాయి. అచ్చం చనిపోయిన దర్జీ తమ్ముడిలా. హంతకుడు పొరబడలేదు. చేతిలో ఉన్న ఫొటోని నమ్మాడంతే.

సూది ఎడిటర్ పక్కన కూర్చుని, ఎక్స్‌పోర్ట్ ఎప్పట్నుంచి ఇలా నత్తనడక నడుస్తోందని అడిగాడు. నెల క్రితం పైనుంచి తాళం వేసిన సెక్యూరిటీ ప్రీసెట్, అంటే ముందే అమర్చిన సెట్టింగుల మూట, ఒకటి వచ్చిందనీ, ప్రతి ఫొటో దాంతోనే పంపాలన్నారనీ, స్లో అయిందని మూడుసార్లు మొరపెట్టుకుంటే బద్ధకమని తిట్టారనీ చెప్పాడు ఎడిటర్.

సూది ఒక్కొక్కటే పరీక్షించాడు. నెట్‌వర్క్ డ్రైవ్ మానేసి సొంత డిస్కుకే పంపాడు. మార్పు లేదు. క్యాష్ మెమరీ ఖాళీ చేశాడు. ప్లగిన్లు ఆపేశాడు. గ్రాఫిక్స్ కార్డు పనిచేస్తూనే ఉంది. ఎక్స్‌పోర్ట్ గీత కదలదు. చివరికి జేబులోంచి లైటర్ తీసి కంప్యూటర్‌కి గుచ్చాడు. దాంతో సిగరెట్ ముట్టదు, తాళాలు ఊడతాయి.

ప్రీసెట్ తెరుచుకుంది. ప్రతి ఫొటోకీ దొంగచాటుగా రెండో కాపీ. ఆ కాపీకి చర్మాన్ని నున్నగా చేసే స్కిన్ స్మూతింగ్, పూర్తి స్థాయిలో. ఆపైన అది చేరాల్సిన బయటి అడ్రసు ఒకటి. ఎవరో తన ఫొటో అందంగా రావడానికి చేసుకున్న సెట్టింగునే దీనికీ వాడి, స్మూతింగ్ తీసెయ్యడం మరిచిపోయారు.

"ఏముంది అందులో?" అన్నాడు డైరెక్టర్.

"ఏం లేదు సార్. బరువైన సెట్టింగులు."

సూది రెండు ఫొటోలు పంపాడు. మొదటిది ప్రీసెట్ లేకుండా. రెప్పపాటులో వెళ్లిపోయింది. రెండోది ప్రీసెట్‌తో. అది దేకుతూ దేకుతూ పూర్తయ్యేసరికి ఫోన్ మోగింది. గార్డు జెండా ఊపాక, కదిలే రైల్లోకి అన్న ఎక్కేశాడు.

"హంతకుడు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు సార్. మీరే వెళ్లి పట్టుకుంటే పేరొస్తుంది."

డైరెక్టర్ లేచి టై సర్దుకున్నాడు.

"అన్నట్టు, టెస్టుకి ఇంకో ఫొటో కావాల్సొచ్చింది. మీ ఐడీ కార్డుది వాడాను. ఆ ప్రీసెట్‌తోనే."

డైరెక్టర్ మెల్లగా మళ్లీ కూర్చున్నాడు.

"నేను వెళ్లను."

"ఎందుకు సార్? ప్రీసెట్ బరువన్నాను. ఫొటో ఎక్కడికో పోతుందని నేను అన్లేదే."

"భయపడకండి," అంది మేడమ్ ముత్యం. "ఆ ఫొటోతో మిమ్మల్ని పోల్చుకోలేడు. తమ్ముడుంటే మాత్రం జాగ్రత్త చెప్పండి."

డైరెక్టర్ మేనల్లుడి వైపు తిరిగాడు. "ఒరే, నువ్వైనా చెప్పరా, నేను కాదని."

ఎడిటర్ విరిగిన వేళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎందుకు స్లో అవుతోందని మూడుసార్లు అడిగాను," అన్నాడు సూదితో. "ఇప్పుడు తెలిసింది సార్. మా మావయ్య వల్ల."