చెయ్యని ఫోను

"ఆ ఫోను ఎత్తినావిడ మొహం ఒక్కసారి చూడాలని ఉందే," అంది అక్క, విచారణ కాగితాన్ని నాలుగోసారి మడతపెడుతూ.

ఎదురుగా కూర్చుని బట్టలు మడతపెడుతున్న బుల్లి చేతులు ఆగిపోయాయి. అయ్యో, ఆ క్షణాన దాని గుండె ఎలా ఆగిపోలేదో! ఎందుకంటే ఆ ఫోను ఎత్తింది బుల్లే! ఆ రోజు తనకి డ్యూటీ లేదని అక్కతో అబద్ధం చెప్పింది. బావ పోయిన ఈ పదహారు రోజులుగా ఆ నిజాన్ని కడుపులో దాచుకుని, అక్క కన్నీళ్ళు తుడుస్తూ, అక్కకి అన్నం కలిపి నోట్లో పెడుతూ, అక్క "ఆవిణ్ణి" నోరారా తిడుతుంటే ఊ కొడుతూ బతుకుతోంది...

ఎల్లుండి ఉదయం విచారణ అనీ, ఆనాటి ఫోను రికార్డు వినిపిస్తామనీ, చనిపోయినాయన కుటుంబం రావచ్చనీ ఉంది కాగితంలో. నువ్వు నా పక్కనే కూర్చోవాలి, నాకు కాళ్ళు వణుకుతాయి అని అక్క రెండుసార్లు చెప్పింది. తర్వాత కిటికీలోంచి చూస్తూ నెమ్మదిగా అంది.

"అబద్ధం చెప్పినవాడు తమాషాకి చెప్పాడు. కాల్చినవాడు భయపడి కాల్చాడు. మధ్యలో ఆవిడకేం తొందరొచ్చిందే?"

బుల్లి మడతపెట్టిన బట్టనే విప్పి మళ్ళీ మడతపెట్టింది.

తల్లి పోయేనాటికి బుల్లికి ఐదేళ్ళు. అక్కే జడలు వేసింది, అక్కే అక్షరాలు దిద్దించింది. అక్కకి పెళ్ళయితే అత్తవారింటికి సామానుతోపాటు బుల్లి కూడా వెళ్ళింది! బట్టలుతికే మిషన్లు బాగుచేసే ఆ బావ, మరదల్ని ఒక్కనాడైనా పరాయిదానిలా చూశాడా? సైకిలు మీద ఎక్కించుకుని పరీక్షలకి తీసుకెళ్ళాడు. అత్యవసర ఫోన్ల కేంద్రంలో దానికి ఉద్యోగం వస్తే వీధంతా చెప్పుకుని తిరిగాడు. "మా మరదలు ఫోనెత్తిందంటే దొంగైనా సారీ చెప్పి పెట్టేస్తాడు," అని ఆటపట్టించేవాడు. అలాంటి మనిషి!

ఆ రోజు మధ్యాహ్నం ఆయన ఎవరింట్లోనో మిషను విప్పుకుని కూర్చున్నాడు. ఆ ఇంటి కుర్రాడితో ఫోను ఆటలో గొడవపడ్డవాడెవడో, ఎక్కడో కూర్చుని, అత్యవసర నంబరు తిప్పాడు. నేను నా పెళ్ళాన్ని కాల్చేశాను, పిల్లల్ని గదిలో పెట్టాను, ఎవరొచ్చినా కాలుస్తాను అని ఏడుస్తూ ఆ ఇంటి చిరునామా చెప్పాడు. ఎంత బాగా ఏడ్చాడో పాపిష్టివాడు! ఏడు నిమిషాల్లో పోలీసులు ఆ ఇంటిని చుట్టుముట్టారు. బయటికి రమ్మని వాళ్ళు అరిచిన అరుపు, తిరుగుతున్న మిషను హోరులో బావకి సరిగ్గా వినపడలేదు. ఏమిటా గొడవ అని తలుపు తీశాడు. చేతిలో డ్రిల్లు మిషను అలాగే ఉంది. పాతికేళ్ళయినా నిండని ఒక కానిస్టేబులు కళ్ళకి అది తుపాకీలా కనబడింది...

ఇక బుల్లి చేసిందేమిటంటే, చెయ్యాల్సిన ఒక్క పని చెయ్యలేదు. ఆయుధం అన్న మాట వినబడితే, ఆ నంబరుకి ఒకసారి తిరిగి ఫోను చెయ్యాలి. నిజమైన నంబరో కాదో తేలాకే సాయుధ పోలీసుల్ని పంపాలి. ఆ కేంద్రంలో కొత్తవాళ్ళకి మొదటి రోజే నేర్పే పాఠం అది. బుల్లి చెయ్యలేదు. "భయపడకండి, మావాళ్ళు వచ్చేస్తున్నారు," అంటూనే పంపేసింది. పై అధికారి దాన్ని గదిలోకి పిలిచి, లైను కలవలేదని చెప్పేసెయ్యమ్మా, మిగతాది మేం చూసుకుంటాం అని నచ్చజెప్పాడు. బుల్లి ఏ సంగతీ చెప్పకుండా ఇంటికొచ్చేసింది.

విచారణకి ముందురోజు మధ్యాహ్నం, అక్క బావ చొక్కాలు ముందేసుకుని కూర్చున్నప్పుడు, ఇక దానివల్ల కాలేదు. రేపు ఆ గదిలో నా గొంతు విని అక్క నా మొహం చూస్తే...? అంతకంటే ఇప్పుడే చావడం నయం అనుకుంది.

"అక్కా... ఆ ఫోను ఎత్తింది నేనే."

అక్కకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని చొక్కా జారిపోయింది. అరవలేదు, కొట్టలేదు. కొట్టినా బాగుండును! ఒక్కటే అడిగింది, తిరిగి ఫోను చేసుంటే ఏమయ్యేదని.

"అలాంటి నంబరే లేదని తెలిసేది. ఒక్క నిమిషం పట్టేది. బావ పని ముగించుకుని ఇంటికొచ్చేవాడు."

"మరెందుకు చెయ్యలేదే?"

బుల్లి చెప్పింది. ఏడాది కిందట ఒక ఇల్లాలు మొగుడికి భయపడి అల్మరాలో దాక్కుని గుసగుసగా ఫోను చేసింది. వాడి చేతిలో కత్తి ఉందంది, అంతలో లైను తెగిపోయింది. పద్ధతి ప్రకారం బుల్లి తిరిగి ఫోను చేసింది. అల్మరాలో ఫోను మోగింది, ఆవిడ ఎత్తేలోపే ఆ మోతకి వాడు అల్మరా తెరిచాడు... ఆ తర్వాత వినబడిందంతా బుల్లి చెవులతో విన్నది. తప్పు నీది కాదని అందరూ అన్నారు. కానీ ఆనాటి నుంచి, తిరిగి ఫోను చేసే ఆ మీట మీదకి దాని వేలు వెళ్ళలేదు. ఒక్కసారి కూడా!

అక్క లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. బుల్లి గుమ్మం ముందే కూలబడింది. ఉన్న ఒక్క అక్క కూడా ఇక తనది కాదనుకుని నోట్లో కొంగు కుక్కుకుంది. పొద్దు వాలేవేళకి తలుపు తెరుచుకుంది. అక్క మొహం ఏడ్చి ఏడ్చి ఉబ్బిపోయి ఉంది.

"ఆ అల్మరా ఆవిడ పోయిన రోజు నువ్వు నేరుగా నా దగ్గరికే వచ్చావు కదూ."

బుల్లి తలూపింది.

"నా ఒళ్ళో పడి ఏడ్చావు. ఆ దిక్కుమాలిన రూలు తగలబెట్టు, ఇంకెప్పుడూ అలా ఫోను చెయ్యకు అన్నాను. నేనే అన్నాను. ఆయన కూడా అక్కడే నిలబడి, అక్క చెప్పింది వినమ్మా అన్నాడు."

"నన్ను ఓదార్చడానికి అన్నారక్కా. లైను కలవలేదని చెప్పమంటున్నాడు మా పై అధికారి, కానీ మీట నొక్కనిది నేను."

"అవును. నువ్వే," అంది అక్క. జారిపడిన చొక్కా తీసి మడతపెట్టుకుంటూ కూర్చుంది.

మర్నాడు విచారణ గదిలో రికార్డు పెట్టారు. ఆ అబద్ధాలకోరుని అంత లాలనగా ఓదారుస్తున్న చెల్లెలి గొంతు గదంతా వినబడింది. చిన్నప్పుడు జ్వరమొస్తే అక్క చెల్లెలితో మాట్లాడిన తీరే అది! అక్క కుర్చీ చేతిని పట్టుకుని కళ్ళు మూసుకుంది. తిరిగి ఫోను చేశారా అని విచారణాధికారి అడిగాడు. పై అధికారి బుల్లి వైపు గుచ్చి చూశాడు.

"చెయ్యలేదండీ," అంది బుల్లి. "చేసుంటే మా బావ బతికేవాడు."

గదిలో గుసగుసలు రేగాయి. చనిపోయినాయన భార్య ఏమైనా చెబుతారా అని అడిగితే అక్క లేచి నిలబడింది. కుర్చీ చేతిని వదిలి, విచారణాధికారి వైపు తిరిగింది.

"ఆవిడ తప్పు చేసింది, రాసుకోండి. ఏ శిక్ష వేసినా నేను అడ్డం రాను. అబద్ధం చెప్పినవాణ్ణి, కాల్చినవాణ్ణి కూడా వదలకండి. ఆవిడ చేత అబద్ధం చెప్పించాలనుకున్న వాళ్ళుంటే వాళ్ళనీ వదలకండి." ఒక్క క్షణం ఆగింది. "ఆవిడ నా చెల్లెలు. నేనే పెంచాను. అది కూడా రాసుకోండి."

బయట మెట్ల దగ్గర బుల్లి దూరంగా నిలబడిపోయింది. దగ్గరికి వెళ్ళే హక్కు తనకింకా ఉందో లేదో దానికి తెలియదు. అక్కే వెనక్కి వచ్చింది.

"క్షమించానని మాత్రం అనలేనే. ఎప్పటికైనా అనగలనో లేదో కూడా తెలీదు. కానీ ఆయన ఎలాంటివాడో తెలిసినవాళ్ళు ఈ లోకంలో నువ్వూ నేనూ తప్ప ఎవరున్నారు? నువ్వూ లేకపోతే నేనెవరితో కలిసి ఏడవను? పద ఇంటికి."

ఇన్ని రోజులుగా బుల్లి అక్క కోసం ఏడ్చింది, భయంతో ఏడ్చింది. బావ కోసం ఏడ్చే అర్హత తనకి లేదనుకుని ఆ ఏడుపు మాత్రం గొంతులోనే నొక్కేసుకుంది. ఇప్పుడు నడివీధిలో, పట్టపగలు, వచ్చేపోయేవాళ్ళు చూస్తుండగా, "బావా..." అని భోరుమంది. అక్క ఆపమనలేదు. దాని చెయ్యి పట్టుకుని, తనూ ఏడుస్తూ, నెమ్మదిగా నడిపించుకుపోయింది.