పేరున్నోడికి ప్రాణగండం

"ఎవల్ని లేపెయ్యాలె, మేడమ్?"

"ఎవల్నీ కాదు. కంప్యూటర్ కోర్సు నేర్చుకోవాలె."

ఏజెంట్ ముత్యం కుర్చీని రెండడుగులు వెనక్కి జరిపాడు. రివాల్వర్ అంటే భయంలేదు గానీ, కీబోర్డ్ అంటే గుండె కీచుమంటుంది. కరీంనగర్‌లో గ్రానైట్ కంపెనీ బోర్డు వెనక నడిచే రహస్య ఆఫీసులో చీఫ్ సరళాదేవి గొంతు తగ్గించింది.

"మందమర్రిల ఒక బొగ్గుగని. లోపల మీథేన్ ఎంతున్నదో సెన్సర్లు చెప్తుంటయి. గా డేటా అంతా హడూప్ క్లస్టర్‌ల, అంటే కంప్యూటర్ల గుంపుల, పడ్తది, అండ్లకెల్లే అలారం మోగుతది. విదేశీ ముఠా క్లస్టర్‌ను చెరిపేసి, గాలి ఫ్యాన్లు ఆపుదామని చూస్తుంది. పైనోళ్లకు తెల్వనే తెల్వది. షిఫ్టంతా లోపలే ఖతం."

"మా తమ్ముడు కైలాసం గా గనిలనే చేస్తడు, మేడమ్!"

"ఎరుకే. గనికి లైనున్న ట్రైనింగ్ సెంటర్ ఈడనే ఉన్నది. ముఠా మనిషి అండ్లనే చదువుతుండు. ఎవడో పట్టు."

దుబాయి నుంచి వాపసొచ్చిన నిరుద్యోగి వేషంలో ముత్యం చేరిపోయాడు. జేబులో షాక్ కొట్టే పెన్ను. ఆలోచిస్తూ దాన్ని నోట్లో పెట్టుకోకుండా ఉండటమే రోజూ చేసే సాహసం.

పాఠం చెప్పేది శ్రేయ. సిల్కు చీర, చలువ కళ్లజోడు, రెండు జీతాలు: ఒకటి ముఠాది, ఒకటి మన రహస్య ఆఫీసుది. ముఠా నుంచి మెసేజ్‌లే తప్ప, క్లాసులో వాళ్ల మనిషెవరో ఆమెకూ తెలియదు.

"ఫైలును ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు మూడు కాపీలు డేటానోడ్లలో దాస్తాం. ఏ ముక్క ఎక్కడుందో తెలిసింది నేమ్‌నోడ్ అనే పెద్ద కంప్యూటర్‌కే."

"అంటే పేరున్నోడు. మిగిలినోళ్లంత పనున్నోళ్లు."

క్లాసు గొల్లుమంది. ముత్యం మాత్రం నవ్వలేదు. "పేరున్నోడు పోతే, మేడమ్?"

"ముక్కలుంటాయి. ఏది ఏదో చెప్పే దిక్కుండదు."

ఇది హడూప్ కాదు, హడలూప్ అనుకున్నాడు ముత్యం.

ఒకరోజు పొద్దు వాలుతుండగా టీకొట్టు దగ్గర శ్రేయ మెల్లగా చెప్పింది. "రేపటి ప్లాన్ క్యాన్సిల్, ముత్యం గారూ. ముఠా నుంచి మెసేజ్ వచ్చింది. ఇంగ్లీషులో రిపోర్టు రాసి మీ చీఫ్‌కు పంపించాను, ఆవిడ గని దగ్గర కాపలా ఎత్తేశారు."

ముత్యానికి ఊపిరొచ్చింది. అంతలో ఫోన్ మోగింది. కైలాసం. "అన్నా, పెయ్యంత నొప్పులు. అయినా మాపు దిగుతున్న."

ఫోన్ పెట్టేసి ముత్యం నిట్టూర్చాడు. "జరమొచ్చినా ఇనడు. మాపు దిగుతడట."

"మాపడమా? దేన్ని మాపుతాడు?"

"దేన్నీ మాపడు, మేడమ్. మాపు అంటే సాయంత్రం."

శ్రేయ చేతిలో టీగ్లాసు ఆగిపోయింది. ఢిల్లీలో నిఘంటువు ముందేసుకుని తెలుగు నేర్చిన మనిషి. ఫోన్ తీసి చూపించింది. మెసేజ్‌లో మూడే మాటలు: *రేపు కాదు. మాపు.*

"రేపటి ప్లాన్ తుడిచెయ్యమన్నారనుకున్నాను..."

"నీ తర్జుమా పాడుగాను!"

ముత్యం లేచి నిలబడ్డాడు. ఎండ అప్పటికే పసుపెక్కింది. తమ్ముడికి మళ్లీ ఫోన్ చేశాడు. స్విచాఫ్. దిగిపోయాడు.

మెట్లన్నీ ఎగబాకి, గనికి లైనున్న ల్యాబ్ తలుపు తోశాడు. చీఫ్‌కు ఫోన్ చేస్తూ శ్రేయ వెనకే పరుగెత్తుకొచ్చింది. లోపల ఒక్కడే: విక్రాంత్, క్లాసు ఫస్టు.

"ప్రాక్టికల్స్ చేస్తున్నా, అన్నా."

"గని మీదనారా ప్రాక్టికల్స్?"

తెర మీద నేమ్‌నోడ్ ఆగిపోయి ఉంది. దానికి బదులుగా ఉండే స్టాండ్‌బై కూడా. ఫార్మాట్ చేసి అంతా చెరిపెయ్యాలా అని మిషన్ ఆఖరుసారి అడుగుతోంది: Y or N? విక్రాంత్ వేలు Y వైపు కదిలింది. ముత్యం పెన్ను తీశాడు, భయంలో తిరగేసి పట్టుకున్నాడు, మీట నొక్కాడు. షాక్ తనకే కొట్టింది! ఆ ఊపులో విక్రాంత్ మెడ పట్టుకున్నాడు. పెన్ను కరెంటును ఇద్దరికీ సమానంగా పంచింది. ఇద్దరూ కూలారు.

విక్రాంత్ ముందు లేచాడు. శ్రేయ చీరకొంగు అతని మెడకు చుట్టి వెనక్కి లాగింది. "N నొక్కండి!"

షాక్ తిన్న వేలు ముత్యం మాట వినలేదు. B పడింది. తప్పు ఇన్‌పుట్, అన్నది మిషన్. M పడింది. తప్పు ఇన్‌పుట్. కళ్ల ముందు చీకటి గనిలో తమ్ముడి క్యాప్‌ల్యాంపు ఒక్కటే ఆడింది. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని, N. ఎంటర్.

ఫార్మాట్ రద్దు.

శ్రేయ నేమ్‌నోడ్‌ను మళ్లీ లేపింది. అంకెలు పారసాగాయి. గాలి మామూలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ముత్యం నేలమీదే కూర్చుని ఏడ్చాడు.

ముఠా దొరికింది. ముత్యానికి పతకం వచ్చింది గానీ, కోర్సు సర్టిఫికెట్ రాలేదు. పరీక్షలో 'నేమ్‌నోడ్ పడిపోతే అడ్మిన్ మొదట చేయవలసిందేమి?' అని అడిగితే, 'చెమట తుడుచుకోవాలె' అని నిజం రాసివచ్చాడు మరి.