రెండో దండ

ఆ మధ్యాహ్నం ఏజెంట్ నిరుత్ చేతిలో ఉన్నది ఓ చిన్న పూలపడవ, బుట్టెడు మల్లెదండలు. దండల కింద రేడియో. నడుం పట్టీలో అయస్కాంతపు సిగ్నల్ బిళ్ల ఒకటే. మెడలో చనిపోయినవాడి ఈల. వీటన్నిటికీ తోడు, నమ్మాలో వద్దో తెలియని ఓ ఆడమనిషి మాట.

ఈల తోటి ఏజెంట్ ఖచోన్‌ది. పోయిన వానాకాలం ఇదే చావ్ ఫ్రాయా నదిలో పీపాలు ముంచుతున్న పడవను ఆపబోయి మునిగిపోయాడు. శవం దొరకలేదు, ఈల దొరికింది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత: అదీ వాడి గుర్తు. అప్పట్నుంచి నీళ్ల పక్కన నిలబడితే చాలు, ఆ కూత నిరుత్ చెవిలో మోగుతూనే ఉంది.

పొద్దున బ్రీఫింగ్ చిన్నదే. విదేశీ ఫ్యాక్టరీల విషపు బురదను శుద్ధి చేస్తామని కాంట్రాక్టు తీసుకుని, మన నదుల్లో ముంచేసిపోయే ముఠా మళ్లీ దిగింది.

"ఈసారి ఇసుక మోసే బార్జీ పడవలో దాచి తెస్తున్నారు. సయనైడ్, పాదరసం" అన్నాడు కర్నల్ అడున్. "మలుపు దగ్గర ఇసుక తోడిన గొయ్యి ఉంది. అడుగున వాల్వు తిప్పితే నీళ్లు నిండి బార్జీ అందులోకి దిగిపోతుంది. ప్రమాదం అంటారు."

"అక్కడే ఎందుకు సార్?"

"లోతు కాబట్టి. ఎదురుగా ఉన్నది ఊరికి తాగునీళ్లు లాగే కాలువ మూతి. అది వాళ్లకు పట్టదు."

"ఏ బార్జీ?"

"దారిన్ చెబుతుంది. పూలవాడి వేషం కూడా ఆవిడ సలహానే."

తేలే హోటల్లో పాటలు పాడే దారిన్, ముఠా నాయకుడి పక్కన పట్టుచీరలా మెరుస్తూ కూర్చుంటుంది. జీతం ముఠా దగ్గరా, కర్నల్ దగ్గరా తీసుకుంటుంది. ఆమె ఫోన్ చేసి ఒకే మాట చెప్పింది: "మూడోది."

లాగుడు పడవ టగ్ వెనక ఒకే తాడున నాలుగు బార్జీలు రేవులో ఆగాయి. సన్నగా వాన. నిరుత్ దండలు అమ్ముతూ వెళ్లి, మూడో బార్జీ పక్కకు బిళ్ల అంటించాడు. చేతిలో ఉన్న ఒక్క సరుకూ ఖర్చయిపోయింది.

దండ కట్టనిదే ఏ పడవా కదలదు. పడవ ముక్కున ఉండే దేవతకు ఒక్కొక్క సరంగు ఒక్కొక్క దండ కొన్నాడు. చివరి బార్జీ సరంగు బున్మా ముసలాయన. రెండు అడిగాడు.

"ఏం పెదనాన్నా, రెండో పెళ్లామా?"

"నోర్ముయ్యరా. ఇది తల్లికి." నీళ్లకేసి చూపించాడు.

"గంగమ్మకా? దీపాల పున్నమి ఇంకా చాలా దూరం ఉందిగా."

"ముందుగా చెప్పుకుంటే తప్పా?"

టగ్ కదిలింది. నిరుత్ పడవ తిప్పుకున్నాడు. ఆ మాట మాత్రం వెంట వచ్చింది. ఏడాదంతా నీళ్లను మురికి చేశాం, మన్నించమ్మా అని పన్నెండో నెల పున్నమికి అరటిదొన్నెలో దీపం వదులుతారు. చేసిన తప్పుకు చెప్పుకునే మాట అది. చెయ్యబోయే తప్పుకు ముందే చెప్పుకునేవాడెవడు?

రేడియో తీశాడు. "సార్, మూడోది వట్టి ఇసుక. చివరిది పట్టుకోండి."

"సిగ్నల్ మూడోదాని మీదుంది. బోటు దానికే వెళ్తోంది. రుజువేంటి?"

"పూలదండ."

"మా వాళ్లు తిరిగి రావడానికి టైం పడుతుంది. నువ్వే ఆపు."

ముందు మూడో బార్జీని పెట్రోల్ బోటు అడ్డగించింది. టగ్ ఆగింది. అందరి కళ్లూ అటే. చివరి బార్జీ మాత్రం సరిగ్గా గొయ్యి మీద నిలిచింది. బున్మా మూత తెరిచి వంగాడు. కింద ఉన్న వాల్వు చక్రం తిప్పసాగాడు. వెంబడిస్తున్న నిరుత్ పడవ మోటారు, జోరెక్కిన వాననీళ్లు మింగి దగ్గి ఆగిపోయింది. తెడ్డు వేస్తే అందే దూరం కాదు. అరిస్తే వానలో వినపడదు. బార్జీ ఒక పక్కకు ఒరుగుతోంది.

నిరుత్ మెడలోని ఈల నోట పెట్టుకున్నాడు. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత.

బున్మా చేతులు చక్రం మీదే బిగుసుకుపోయాయి. అతను నిరుత్ వైపు చూడలేదు. నీళ్లలోకి చూశాడు, అక్కడి నుంచి ఎవరో పిలిచినట్టు. మళ్లీ కూత. ముసలివాడు ఏడుస్తూ చక్రాన్ని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. నిరుత్ తెడ్డేసుకుంటూ వచ్చి ఎక్కేసరికి అంచుకీ నదికీ మధ్య జానెడే మిగిలింది. చివరి చుట్టు ఇద్దరూ కలిసి బిగించారు.

"పోయిన వానాకాలం మునుగుతూ ఊదాడు" అన్నాడు బున్మా. "తాడు వెయ్యొద్దన్నారు. వెయ్యలేదు. అప్పట్నుంచీ వినిపిస్తోంది నాయనా."

"నాకూ" అన్నాడు నిరుత్.

పెట్రోల్ బోటు బార్జీని బురదగట్టు మీదికి నెట్టింది. ఇసుక తవ్వితే నీలం పీపాలు బయటపడ్డాయి, ఒక్కటీ పగల్లేదు. టగ్‌లో దాక్కున్న ముఠా నాయకుడూ దొరికాడు.

దారిన్ ఫోన్ చేసింది.

"మూడోది అన్నావు" అన్నాడు నిరుత్.

"అప్పుడు నా పక్కన తుపాకీ ఉంది. నీ దగ్గర పూలబుట్ట ఉంది. ఆ బుట్ట నీకెందుకు ఇప్పించాననుకున్నావు తమ్ముడూ? ఒక్కో సరంగునీ దగ్గర్నుంచి చూస్తావనే."

అది నిజమో, అప్పటికప్పుడు అల్లిన మాటో అతనికి అంతు చిక్కలేదు. ఆమె నుంచి మళ్లీ ఫోన్ రాలేదు.

బుట్టలో మిగిలిన ఒక్క దండను నిరుత్ గొయ్యి మీది నీళ్లలో వదిలాడు. ఈల మెడలోనే ఉంది. చెవొగ్గి చాలాసేపు విన్నాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఇక లాభం లెక్కంటారా, ఆ సాయంత్రం నగరం కుళాయిలు తిప్పుకుంది, బియ్యం కడుక్కుంది, పిల్లలకు స్నానాలు చేయించింది. ఇవాళ నీళ్లలో క్లోరిన్ వాసన మరీ ఎక్కువైందని విసుక్కుంది.