సేమియా ఇంట్లో ఇత్తడి బిళ్ళ

ప్రమీలారాణి కత్తిపీట ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. ఎదురుగా లహరి పెంకులూ ఈనెలూ ఏరి చేటలో వేస్తోంది. నందిగామ బస్టాండు వెనక మేడ మెట్ల పక్కన ‘ప్రమీలారాణి, ప్రైవేటు డిటెక్టివ్’ అని బోర్డు ఉంది గాని, కేసులు లేని రోజుల్లో పైగదిలో జరిగేవి ఇలాంటి పనులే. కొత్త చింతపండు వచ్చిందంటే ఏడాదికి సరిపడా చేసిపెట్టుకోవాలి.

ప్రమీలారాణి చాలాకాలం ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా పనిచేసింది. అబద్ధం చెప్పే పిల్లని మెడ చూసి పట్టేసేదని పేరు. ఆ హాస్టల్లోనే చదువుకున్న లహరి ఇప్పుడామెకు సహాయకురాలు. తక్కువ మాట్లాడుతుంది. చూసినదేదీ మర్చిపోదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. ముప్పై అయిదేళ్ళావిడ, కొంగు తలమీదికి లాక్కుంటూ గుమ్మంలో ఆగింది. చేతిలో ఇంకా బస్సు టికెట్టు నలుగుతోంది.

"రామ్మా, కూర్చో. చేతులు జిగటగా ఉన్నాయి, ఏమనుకోకు. ఏ ఊరు?"

"జగ్గయ్యపేటండీ. నా పేరు మెహరాజ్. మాది సేమియా మిషనండి. ఆ మిషను బిళ్ళ పోయింది."

ఆమె చెప్పిన సంగతి ఇది. జంతికల గొట్టంలో బిళ్ళ వేసినట్టే సేమియా మిషనుకీ సన్నటి చిల్లుల ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది. పిండి దానిలోంచి దిగితేనే సేమియా. ఆమె భర్త నాగూర్ బాషా బతికుండగా హైదరాబాదులో పనిగట్టుకుని చేయించిన బిళ్ళ అది. ఇంకోటి చేయించాలంటే వారం పడుతుంది.

"వారం ఆగొచ్చండీ. కానీ రేపు విజయవాడ నుంచి వాళ్ళొస్తున్నారు. అక్కడో సంస్థ ఉంది. మాలాంటి మైనారిటీల చిన్న వ్యాపారాల్లో వికలాంగులకి పనిస్తే, జీతంలో కొంతా, మిషన్లు వాళ్ళకి వీలుగా మార్చుకోటానికి కొంతా సాయం చేస్తారు. మా దగ్గర స్తెఫను అని ఒకతనున్నాడు. రెండు కళ్ళూ కనపడవు. మిషను కింద చెయ్యి పెట్టి, దిగే సేమియా అందుకుని, తుంచి, వెదురు బద్దలకి ఆరేసేది అతనే. అతను పనిచేస్తుంటే చూసి సాయం ఖాయం చేస్తామన్నారు. అదొస్తే సూసన్ అనే పిల్లని కూడా తీసుకుంటానని మాటిచ్చా. పాపం వినపడదు, ఇంటర్ పాసయి ఇంట్లోనే కూర్చుంది."

"ఇప్పుడు బిళ్ళా లేదు, స్తెఫనూ లేడు. అంతేనా?"

మెహరాజ్ ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసండీ?"

"పోయింది బిళ్ళే అయితే పోలీసుస్టేషను మీ ఊళ్ళోనే ఉందిగా. ఇంత దూరం వచ్చావంటే ఎవరి పేరో అక్కడ చెప్పటం ఇష్టం లేకే."

మెహరాజ్ కళ్ళనిండా నీళ్ళు. "నిన్న సాయంత్రం బిళ్ళ కడిగి, షెడ్డుకి తాళమేసి, తాళంచెవి మా అత్తమ్మకిచ్చి వెళ్ళాడండీ. పొద్దున్న చూస్తే తాళం వేసినట్టే ఉంది, బిళ్ళ లేదు. మా మరిది జాకీర్, ‘కనపడని మనిషి ఎక్కడ పెట్టాడో మర్చిపోయుంటాడు’ అని నానా మాటలూ అని ఇంటికి పంపేశాడు. స్తెఫను ఒక్కమాట ఎదురు చెప్పలేదండీ. అదే నాకు భయంగా ఉంది."

ప్రమీలారాణి చేట పక్కకి జరిపి లేచింది. "లహరీ, బండి తియ్యి."

*

హైవే దుమ్ముకి లహరి చున్నీని తలకీ మొహానికీ చుట్టుకుని బండి నడిపింది. మెహరాజ్ బస్సులో వచ్చింది. ముగ్గురూ ఇల్లు చేరేసరికి ఎండ ముదిరింది.

ముందు ఇల్లు, వెనక పెరడు, పెరడు చివర సేమియా షెడ్డు. వరండాలో ఆటో సీటు గుడ్డ కుట్టుకుంటున్న జాకీర్ లేచి నిలబడ్డాడు. కుర్చీలో కూర్చుని తసబీహు జపమాల తిప్పుకుంటున్న పెద్దావిడ హసన్‌బీ నవ్వుతూ తలెత్తింది.

"నందిగామ నుంచొచ్చారా అమ్మా? ఎండనపడి వచ్చారు. ఉండండి, టీ తెస్తా. ఆ అబ్బాయిక్కూడా."

జాకీర్ పకాలున నవ్వాడు. "అబ్బాయి కాదమ్మా, ఆడపిల్ల! చున్నీ కట్టుకుంటే అబ్బాయంటావేంటి?"

లహరి నవ్వి చున్నీ విప్పింది. హసన్‌బీ కూడా నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళి కప్పులతో వచ్చింది. స్టూలు మీద పెట్టి గిన్నెలోంచి టీ వంచుతుంటే ఆమె చూపుడువేలు కప్పు అంచుమీంచి లోపలికి దిగి ఉంది. టీ వేలికి తగలగానే ఆపేసింది. లహరి ఆ కప్పు వంక చూసి, ప్రమీలారాణి వంక చూసింది. ప్రమీలారాణి ఆ కప్పే తీసుకుని హాయిగా తాగింది.

"చేతులకా గీతలేంటి పెద్దమ్మా? రక్తం కూడా వచ్చినట్టుంది," అంది ప్రమీలారాణి.

"పిల్లి గీరిందమ్మా. మాయదారి పిల్లి." హసన్‌బీ చేతులు కొంగులో చుట్టుకుంది.

షెడ్డులో చూడాల్సింది పెద్దగా లేదు. మిషను పక్కన గోడలో గూడు, అందులో మడిచిన తుడుపు గుడ్డ. బద్దల మీద నిన్నటి సేమియా తెల్లగా, వరసగా వేలాడుతోంది. గోడ వారగా వేయించే పొయ్యి. లహరి బూడిదలో చెయ్యి పెట్టి చూసింది. చల్లగా ఉంది.

"ఇవాళ వెలిగించలేదు. బిళ్ళే లేకపోతే ఏం వేయిస్తాం?" అన్నాడు జాకీర్.

పెరట్లో కుళాయి. ఆ పక్కనే నడుమెత్తు గోడ, దాని మీద బోర్లించిన గిన్నెలు. గోడకి ఆనించి పొయ్యిలోకి తెచ్చిన పత్తికట్టె పెద్ద మోపులుగా వేసి ఉంది. మోపుల పైన కట్టె చెదిరిపోయి, కొంత నేలమీదికి జారింది. కుళాయి తూము దగ్గర చీమలు బారులు కట్టాయి. ప్రమీలారాణి వంగి చూసింది. పిసికేసిన చింతపండు పిప్పి, దానికి అంటుకుని బూడిద.

"నిన్న మీ ఇంట్లో చారా, పులుసా?" అని మెహరాజ్‌ని అడిగింది.

"పప్పుచారండీ. ఎందుకు?"

"ఊరికే. ఇంట్లో పాలకి మూత పెట్టినట్టు లేదే, పిల్లి తాగదూ?"

"పిల్లెక్కడిదండీ? మా వీధంతా కుక్కలే. పిల్లి బతుకుతుందా!"

ప్రమీలారాణి ఇంకేం అడగలేదు. జాకీర్ వైపు తిరిగింది. "నిన్న సాయంత్రం నువ్వెక్కడున్నావు నాయనా?"

"కంచికచర్ల కిరాయికెళ్ళా. నా మీదా అనుమానం?"

"నీకు స్తెఫనంటే పడదుగా."

"పడకపోవటమేంటండీ!" జాకీర్ మొహం ఎర్రబడింది. "అన్న పోయాక వదిన ఒక్కతే ఈ మిషను లాగుతోంది. రేపు వాళ్ళొచ్చి ఇక్కడేం లేదని వెళ్ళిపోతే? ఆ కోపంలో అన్నా. అన్నాక అన్నం దిగలేదు. కంచికచర్లలో ఒకాయన దగ్గర పాత బిళ్ళ ఉందంటే ఫోన్ చేశా. మన మిషనుకి పట్టదంట."

*

స్తెఫను ఇల్లు రెండు వీధుల అవతల. అతని భార్య బేబి వాకిట్లో తొడిమలు తీస్తున్న మిరపకాయలు వదిలేసి లేచింది. స్తెఫను మంచంమీద కూర్చుని ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్ళో ఖాళీగా పెట్టుకుని, ఎవరో పనిచెప్తే లేద్దామన్నట్టున్నాడు.

"బిళ్ళ ఎక్కడ పెట్టారు స్తెఫను గారూ?"

"కడిగి తుడిచి గూట్లో పెట్టానండీ. ఎప్పుడూ పెట్టే చోటే."

"తాళంచెవి?"

"పెద్దమ్మ చేతికిచ్చా."

"వెళ్తుంటే షెడ్డు వైపు ఎవరైనా వచ్చారా?"

స్తెఫను కాస్త ఆగాడు. "నేను చూడలేదండీ."

"ఎప్పుడు చూశావు గనక!" అంది బేబి విసురుగా. "చూశారాండీ ఈయన వాలకం? తిట్టి పంపితే నోరెత్తలేదు. దొంగవనుకుంటారయ్యా అంటే, అనుకోనీలే అంటాడు. రేపటికోసం తెల్ల చొక్కా ఉతికి గంజి పెట్టా నేను!"

"ఊరుకోవే." స్తెఫను తల ప్రమీలారాణి గొంతు వైపు తిప్పాడు. "పెద్దమ్మ అన్నం తిన్నారాండీ?"

వీధిలోకి వచ్చాక లహరి మొదటిసారి నోరు విప్పింది. "మేడమ్, చూడలేదన్నాడు గాని వినలేదనలేదు."

"భేష్. పద, నీకో పని ఉంది. చేతులు పాడవుతాయి, ఏమనుకోకు."

*

సాయంత్రం వరండాలో అందరూ కూర్చున్నారు. హసన్‌బీ కుర్చీలో, మెహరాజ్ ఆమె కాళ్ళ దగ్గర పీట మీద, జాకీర్ స్తంభానికి ఆనుకుని. లహరి పెరట్లోంచి వచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"దొంగతనం జరగలేదు," అంది ప్రమీలారాణి. "ముందు అది చెప్పేస్తే మీ గుండెలు కుదుటపడతాయి. తాళం పగలలేదు. స్తెఫను వెళ్ళాక తాళంచెవి ఉన్నది ఈ ఇంట్లోనే. బయటివాళ్ళు ఆ బిళ్ళతో చేసుకునేదీ లేదు, ఇంకో మిషనుకి పట్టదని జాకీరే చెప్పాడు. అంటే దాన్ని తీసింది ఈ ఇంటి మీద ప్రేమ ఉన్నవాళ్ళే."

హసన్‌బీ తసబీహు తిప్పుతూనే ఉంది.

"తూము దగ్గర చింతపండు పిప్పి ఉంది. పప్పుచారుకి పిసికిందనుకుందామంటే దానికి బూడిద అంటి ఉంది. చింతపండూ బూడిదా కలిపి తోమేది ఇత్తడినే. రేపు పెద్దవాళ్ళొస్తారు, మిషను బిళ్ళ బంగారంలా మెరవాలని ఎవరో దాన్ని తీసి తోమారు. తోమినదాన్ని ఏం చేస్తాం? గిన్నెలు బోర్లించే గోడ మీదే ఆరబెడతాం. ఇవతల పక్క పత్తికట్టె. బిళ్ళ జారి అందులో పడిపోయింది. పొయ్యి వెలిగించని రోజున కట్టె అంతలా చెదిరిందంటే ఎవరో దానికోసం దేవులాడారు. మామూలుగా అయితే కట్టె సందుల్లోకి తొంగిచూస్తే పని అయిపోయేది. ఆ చేతులకి చూసుకునే వీల్లేదు. తడుముకోవాల్సి వచ్చింది."

లహరి చేతులు ముందుకు తెచ్చింది. కుడిచేతిలో ఇత్తడి బిళ్ళ, సాయంకాలపు ఎండకి ధగధగా మెరుస్తోంది. రెండు చేతుల మీదా సన్నటి ఎర్రటి గీతలు.

"నన్ను కూడా మీ పిల్లి గీరిందండీ మామ్మగారూ," అంది.

హసన్‌బీ చేతిలో తసబీహు ఆగిపోయింది.

"అత్తమ్మా?" మెహరాజ్ ఆమె మోకాలు పట్టుకుంది. "కనపడటం లేదా? ఎప్పటి నుంచి?"

"పోయిన రంజాను నుంచి," అంది హసన్‌బీ చాలా నెమ్మదిగా. "మొదట దీపాల చుట్టూ మసక. ఇప్పుడు మనిషి ఉన్నట్టు తెలుస్తుంది, ఎవరో తెలీదు. నిన్న లోపల నమాజు చేసుకుని వచ్చేసరికి గోడ మీద బిళ్ళ లేదే. రాత్రంతా నిద్దర్లేదు. తెల్లారకముందే వెతికా. దొరకలేదు."

"ఒక్కమాట చెప్తే నేను వెతకనా అమ్మా?" అన్నాడు జాకీర్.

"ఎందుకు కనపడలేదని అడగరూ? అడిగితే చెప్పాలిగా. చెప్తే ‘నువ్వు పొయ్యి దగ్గరికి రాకు, మిషను దగ్గరికి రాకు’ అంటారు. మూలన మంచమేసి కూర్చోబెడతారు. మీ అన్న చేతులారా పెట్టిన మిషనురా అది. అది ఆడే చప్పుడు వినకపోతే నేను ఉండలేను."

మెహరాజ్ ఏడుస్తూనే నవ్వింది. "మన మిషనంతా నడిపేది ఎవరత్తమ్మా? స్తెఫనుని ఏ మూలన కూర్చోబెట్టాం? నిన్ను కూర్చోబెడతామా?"

హసన్‌బీ చెయ్యి చాచి కోడలి తల వెతుక్కుని నిమిరింది. ఇన్నాళ్ళూ తన పక్కనే ఉన్న సంగతి ఇప్పుడే వినపడ్డట్టు ఆమె మొహం మారింది.

"శుక్లాలేమో, డాక్టరు చూస్తే తెలుస్తుంది. ముందు ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అంది ప్రమీలారాణి. "ఇంకొక్క సంగతి. ఇదంతా నాకంటే ముందు తెలిసిన మనిషి ఒకరున్నారు. మెట్టు దిగేటప్పుడు పాదంతో తడుముకునే మనిషి అడుగుల చప్పుడు ఆయనకి తెలియకుండా ఉంటుందా? నిన్న సాయంత్రం తను వెళ్తుంటే షెడ్డు తలుపు తీసిందెవరో స్తెఫనుకి తెలుసు. చెప్తే పెద్దమ్మ దాచుకున్నది బయటపడుతుందని, పడ్డ మాటలన్నీ తనే పడి ఇంటికెళ్ళి కూర్చున్నాడు. నేను వెళ్తే ఆయన అడిగింది ఒకటే, మీరు అన్నం తిన్నారా అని."

వీధిలో ఎవరో కూరగాయలు అరుచుకుంటూ పోయారు.

"నేను వెళ్ళి పిలుచుకొస్తా," అన్నాడు జాకీర్. అని, కదల్లేదు. "ఏ మొహం పెట్టుకుని వెళ్ళను వదినా? ముందు నువ్వు ఫోన్ చెయ్యి."

"నేను చేస్తే ఏమనాలి? బేబి మండిపడుతుంది. నువ్వే వెళ్ళు, ఆటోలో తీసుకురా."

"ఆటో ఎక్కుతాడా, నేనన్న మాటలకి?"

వాళ్ళిద్దరూ అలా అనుకుంటూనే ఉన్నారు. హసన్‌బీ లేచి, లహరి చేతిలోంచి బిళ్ళ అందుకుంది. వేళ్ళతో దాని చిల్లుల మీద ఒకసారి తడిమి కొంగులో చుట్టుకుంది. పాదంతో చెప్పులు వెతుక్కుని తొడుక్కుంది. లహరి చప్పున సాయం పట్టబోయింది. ప్రమీలారాణి ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

జాకీర్, మెహరాజ్ మాటలాపి చూశారు. హసన్‌బీ ఒక చెయ్యి గోడకి ఆనించి మెట్లు దిగింది. గేటు తడిమి తెరిచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా, స్తెఫను ఇంటి వైపుకి తిరిగి నడిచి వెళ్ళిపోయింది.