నాది కాని సొరుగు

శనివారం పొద్దున ఆ ఇంట్లో మొదట వినిపించేది చీపురు చప్పుడు. వాకిలి, మెట్లు, మెట్ల కింద కాలిబాట, అన్నీ శనివారం ఊడ్చి తీరాలి. లేకపోతే పక్కింటి బెంట్స్ గారావిడ కిటికీలోంచి మెడ సాచి మరీ చూస్తుంది. ఇర్మా ఊడుస్తూనే లోపలికి కేకేసింది.

"వ్రేనీ! ప్రెట్సెల్ రొట్టెకి వెన్న రాసి పెట్టాను, చల్లారిపోతోంది. మధ్యాహ్నం బోర్డు రాసే ఆయన వస్తాడు, ఆ జుట్టు కాస్త దువ్వుకో!"

"ఆయన రాసేది బోర్డు మీదమ్మా, నా నెత్తి మీద కాదు!"

ముప్ఫై ఏళ్ళ వెరెనాకి ఆ పొద్దున కాలు నేల మీద నిలవడం లేదు. తాత పెట్టిన వడ్రంగి షాపు బోర్డు మీద, తండ్రి ఆల్ఫోన్స్ కెస్ట్‌లర్ పేరు కింద, ఇవాళ తన పేరు చేరబోతోంది. అదీ ముందు 'మాస్టర్' అన్న మాటతో, అంటే పరీక్ష నెగ్గి సొంతంగా షాపు నడిపే అర్హత తెచ్చుకున్న వడ్రంగి అని. ఆ మాట ఊరికే వచ్చిందా? రెండేళ్ళు శుక్రవారం సాయంత్రాలూ శనివారాలూ మాస్టర్ బడికి తిరిగింది. స్నేహితురాళ్ళ పెళ్ళిళ్ళు మానుకుంది. ఎదురుచూసి విసిగిపోయిన టోబియాస్ ఇంకో అమ్మాయిని చూసుకున్నాడు. చివరికి పరీక్ష కోసం చెర్రీ కర్రతో తన చేతులతో ఒక రాతబల్ల చేసి ఒడ్డున పడింది. పరీక్ష పెట్టిన చేతివృత్తుల మండలి వాళ్ళు ఆ బల్లని ఆర్నెల్లపాటు ఊరూరా ప్రదర్శనల్లో పెట్టి, నిన్ననే తిరిగి పంపారు.

దానికి కాస్త మైనం పట్టిద్దామని ప్రెట్సెల్ కొరుక్కుంటూ షాపులోకి వెళ్ళింది. బల్లకి ఉన్నది ఒకటే సొరుగు. మేకన్నది లేకుండా, మూలల్లో చెక్కని పళ్ళలా కోసి ఒకదానిలో ఒకటి దిగ్గొట్టిన సొరుగు. వడ్రంగి పనితనమంతా అక్కడే బయటపడుతుంది. పరీక్షకులు దాన్ని లాగి, లైటు కేసి పట్టి, "వెంట్రుక కూడా దూరదు" అన్నప్పుడు వెరెనా బిత్తరపోయింది. ఎందుకంటే వెనక ఎడమ మూల ఒక పన్ను కాస్త ఎక్కువ కోసేశానని తనకి తెలుసు. పరీక్షకి మూడు రోజుల ముందు, శుక్రవారం, బల్లకి దుప్పట్లు చుట్టి షాపు వ్యానెక్కించేటప్పుడు కూడా ఆ సందు చూసి నిట్టూర్చింది. ఇంటికొచ్చి ఈ వింత చెబితే, "వానకి కర్ర ఉబ్బి సందు మూసుకుపోయి ఉంటుందిలే" అంది అమ్మ. అంత సంతోషంలో ఉన్న మనిషికి వాదించాలని ఎందుకుంటుంది? నమ్మేసింది.

ఇప్పుడు సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేసింది. నమలడం ఆగిపోయింది.

సొరుగు నాలుగు పలకలూ తారుమారు కాకుండా వడ్రంగులు వాటిని దగ్గర పేర్చి కింది అంచుల మీద పెన్సిలుతో ఒక త్రికోణం గీస్తారు. ఎవరి గీత వాళ్ళదే, సంతకం లాగా. వెరెనాది సాదా త్రికోణం. ఈ సొరుగు అడుగున ఉన్నదానికి కొన దగ్గర అడ్డంగా ఓ చిన్న కొట్టుగీత ఉంది. ఆ గీతని తను ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తోంది. తన ఉయ్యాల కింద ఉంది, వంటింటి అల్మరాల వెనక ఉంది, అవ్వ శవపేటిక మూత లోపల కూడా ఉంది. ఆల్ఫోన్స్ ఆ గీత గీయకుండా రెండు చెక్కలు కలపలేడు, దొంగపని చేస్తున్నా సరే.

సరిగ్గా అప్పుడే ఆయన ఈల వేసుకుంటూ లోపలికి వచ్చాడు.

"నాన్నా, ఈ సొరుగు ఎవరిది?"

"అదేం ప్రశ్నే? నీదే."

"నా కళ్ళలోకి చూసి చెప్పు."

ఆయన చూడలేదు. ఈల ఆగిపోయింది. జేబులో పెన్సిలు కోసం వెతుక్కున్నాడు. అది చెవి మీదే ఉంది.

"ఎప్పుడు చేశావు?"

"ఆదివారం. పరీక్షకి ముందురోజు. వ్యాను వాకిట్లోనే ఉంది కదా."

"ఆదివారమా? ఆ రోజు నన్ను అత్తయ్య ఇంటికి పంపింది అమ్మే కదా! 'వారాలుగా నిద్రలేదు, వెళ్ళి అక్కడ ఓ పూట పడుకో' అని కేకు డబ్బా చేతికిచ్చి మరీ!"

ఇర్మా చీపురుతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఏమిటా అరుపులు? బెంట్స్ గారావిడ అప్పుడే కిటికీ..." అంటూ కూతురి చేతిలో తిరగేసి ఉన్న సొరుగు చూసి, మిగతా మాట మింగేసింది.

"అంటే నీకూ తెలుసు."

"నీ మంచికే కదే..."

"వానట! కర్ర ఉబ్బడమట! ఎంత బాగా అల్లావమ్మా! ఆర్నెల్లుగా నేను గోడ మీది మాస్టర్ పట్టా అద్దం తుడుచుకుంటూ మురిసిపోతుంటే ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. లోలోపల నవ్వుకున్నారా?"

"నవ్వడమేంటే, పిచ్చిదానా!" ఇర్మా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఫెయిలైతే తట్టుకోలేవేమోనని భయపడ్డాం."

"నేను తట్టుకోలేననా, ఆయన తట్టుకోలేడనా?"

ఆ మాట ఆల్ఫోన్స్‌కి సూటిగా తగిలింది. "అవునే!" అని అరిచాడు. "నలభై ఏళ్ళుగా ఈ షాపులోంచి సందున్న సొరుగు ఒక్కటి బయటికి పోలేదు. కెస్ట్‌లర్ కూతురి సొరుగులోంచి వెలుగు కనిపిస్తోందని జిల్లా అంతా చెప్పుకోవాలా?"

"అదీ సంగతి! నా కోసం కాదన్నమాట, బోర్డు కోసం."

వెరెనా ఆ సొరుగుని పక్కన పెట్టేసింది.

"నా సొరుగేది? పొయ్యిలో పెట్టేశావా?"

"పెట్టబోయాను. చేతులు రాలేదు."

నిచ్చెనెక్కి అటక మీంచి పాత దుప్పటి మూట ఒకటి దించాడు. వెరెనా విప్పి చూసింది. అడుగున తన సాదా త్రికోణం. వెనక ఎడమ మూల తన సందు. ఇన్నాళ్ళూ తలపులో వేలు పట్టేంత పెద్దదనుకుంది. పోస్టుకార్డు మూల పెట్టి చూస్తే దూరలేదు.

"నాన్నా, ఆరేళ్ళు నువ్వూ పరీక్షకుడిగా ఉన్నావు. దీనికి ఎన్ని మార్కులు తీసేవాడివి? మాస్టర్‌గా అడగడం లేదులే, నేను కాదుగా. నీ దగ్గర జీతానికి పనిచేసేదాన్నిగా అడుగుతున్నా."

"మూడు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "మహా అయితే నాలుగు."

"అంటే పాసయ్యేదాన్ని."

"ఊఁ."

"ఇంతకంటే పెద్ద సందులున్నవాళ్ళని నువ్వే పాస్ చేశావు."

"వాళ్ళు నా పిల్లలు కాదే, వ్రేనీ."

అంతవరకూ కోపంతో నిలబడ్డ మనిషి ఆ మాటకి రంపపుపొట్టులో కూలబడిపోయింది. ఫెయిలయ్యేదాన్ని గట్టెక్కించి ఉంటే ఎప్పటికైనా క్షమించేదేమో. తను గెలిచేదే! గెలిచేదాన్ని పక్కకి నెట్టి, ఆ చోట తన పని పెట్టాడు కన్నతండ్రి. రెండేళ్ళ కష్టం, పోగొట్టుకున్న స్నేహాలు, టోబియాస్, అన్నీ ఇచ్చి తెచ్చుకున్నది ఆ సందున్న సొరుగు. అది అటక మీద దుమ్ములో పడి ఉంటే, తను ఎవరి సొరుగుకో వచ్చిన మెప్పుని మెడలో వేసుకు తిరిగింది. వెక్కి వెక్కి ఏడ్చింది. ఇర్మా భుజం మీద చెయ్యి వేయబోతే తోసేసింది.

"బోర్డాయన్ని రావద్దని చెప్పండి. సోమవారం మండలికి వెళ్తున్నాను."

"పట్టా లాక్కుంటారే!"

"లాక్కోనీ. నాది కాదుగా."

"మరి మీ నాన్న పరువో?"

"మరి నా రెండేళ్ళో?"

ఆ మధ్యాహ్నం చీజ్ నూడుల్స్ గిన్నె బల్ల మీద గట్టిపడిపోయింది, ఎవరూ ముట్టలేదు. ఆదివారం ఆల్ఫోన్స్ చర్చికి వెళ్ళలేదు. పాతికేళ్ళలో ఆయన గొంతు లేకుండా అక్కడి పాటల బృందం పాడడం అదే మొదటిసారి. వెరెనా తన గదిలో కూర్చుని, మండలిలో చెప్పాల్సిన మాటలు వంద సార్లు అప్పగించుకుంది. 'ఆ సొరుగు నేను చేసింది కాదు.' అంతే చెప్పాలి, ఎవరు చేశారో చెప్పకూడదు. గుండె మండిపోతూనే ఉంది, అయినా ఆయన పేరు ఎత్తడానికి నోరు రావడం లేదు. అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

సోమవారం పొద్దున వ్యాను పక్కన, చావులకీ పెళ్ళిళ్ళకీ వేసుకునే నల్ల కోటులో నిలబడి ఉన్నాడు ఆల్ఫోన్స్.

"నువ్వెందుకు?"

"బల్ల బరువు. ఒక్కదానివే మోయలేవు."

మండలి ఆఫీసులో పరీక్షా సంఘం పెద్ద ఓటింగర్ ఎదురొచ్చాడు. ఆల్ఫోన్స్‌కి ముప్ఫై ఏళ్ళుగా స్నేహితుడు.

"తండ్రీకూతుళ్ళు కలిసే ఊడిపడ్డారే! ప్రదర్శన వాళ్ళు బల్ల మీద గీతలు పెట్టారా ఏంటి?"

వెరెనా గొంతు సవరించుకుంది. "సార్, ఆ సొరుగు..."

"నువ్వుండవే," అని ఆల్ఫోన్స్ ముందుకొచ్చాడు. రెండు సొరుగులూ ఓటింగర్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టాడు. "ఈ సందున్నది నా కూతురు చేసింది. ఈ నున్నటిది నేను చేసింది. తనకి తెలియకుండా మార్చేశాను. తనది పాసయ్యే పని, ఓటింగర్. చూడు, నువ్వే చూడు. నా కూతురి పని మీద నాకే నమ్మకం లేకపోయింది." నలభై ఏళ్ళుగా మాస్టర్‌గా ఉన్న మనిషి, ఆఫీసులో పదిమంది చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఓటింగర్ కళ్ళజోడు తీసి, వెరెనా సొరుగుని కిటికీ కేసి పట్టి చాలాసేపు చూశాడు. "మంచి పని," అన్నాడు నిదానంగా. "కానీ నిబంధన నిబంధనేనమ్మా. పట్టా ఇక్కడ వదిలి వెళ్ళాలి. వచ్చే వసంతంలో మళ్ళీ కొత్త బల్లతో, మొదటినుంచీ."

వెరెనా పట్టా ఆయన చేతిలో పెట్టింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు.

బయట మెట్ల మీద ఆల్ఫోన్స్ కూలబడ్డాడు. "ఏడాది పోయిందే, నా వల్ల."

"పోయింది," అంది వెరెనా. కాదని అబద్ధం చెప్పాలనిపించలేదు.

"మళ్ళీ ఆ షాపులోనే కదా చేస్తావు. నీ రంపం గీత దాటుతుంటే, చూస్తూ చూస్తూ ఎలా ఊరుకోనే?" వెక్కిరింపు కాదది, నిజంగా తెలియక అడిగాడు.

వెరెనా ఆయన పక్కన కూర్చుంది. ముదురు మచ్చలున్న ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. అప్పుడు ధారగా కారాయి కన్నీళ్ళు.

"నేర్చుకో నాన్నా. నాకు ఇంకో ఏడాది పట్టేలా ఉంది. నువ్వూ నాతోపాటు నేర్చుకో."